ప్రపంచంలోనే చెడ్డ గాలి బిహార్‌లోనా? రెండు ఊళ్ల గాలిని పోల్చే ముందు చూడాల్సిన 5 విషయాలు

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న పజిల్‌తో మొదలుపెడదాం.

ఐక్యూఎయిర్ అని ఒక స్విస్ కంపెనీ ఉంది. ప్రపంచంలో ఏ నగరంలో గాలి ఎంత పాడైందో ఏటా లిస్ట్ వేస్తుంది. 2022 లిస్ట్ తీసుకుంటే, టాప్ 10లో బిహార్ నుంచి దర్భంగా, పట్నా లాంటి పేర్లు ఉన్నాయి. 2023కి వచ్చేసరికి బిహార్‌లోని బేగూసరాయ్ ఏకంగా ప్రపంచంలోనే నంబర్ వన్ అయిపోయింది. ఏడాది సగటు, ఘనపు మీటరు గాలికి 118.9 మైక్రోగ్రాముల పీఎం 2.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దాటొద్దంటుంది. అంటే దాదాపు 24 రెట్లు.

ఇప్పుడు 2024 లిస్ట్ చూడండి. టాప్ 20లో 13 మన దేశానివే. నంబర్ వన్ అస్సాం, మేఘాలయ సరిహద్దులో ఉన్న బర్నీహాట్. మరి ఆ 13లో బిహార్‌వి ఎన్ని? ఒక్కటి కూడా లేదు.

ఒక్క ఏడాదిలో బిహార్ గాలి అంత శుభ్రమైపోయిందా? పొయ్యిలన్నీ ఆరిపోయాయా, ఇటుక బట్టీలన్నీ మూతపడ్డాయా? అలాంటిదేమీ జరగలేదు. ఊళ్లు అవే, మనుషులు వాళ్లే. మరి లిస్ట్ ఎందుకు ఇంతలా మారిపోతుంది? ఇది అర్థమైతే, మీ ఫోన్‌లో కనిపించే ఏక్యూఐ నంబర్‌ని మీరు ఇక మామూలుగా చూడలేరు.

బిహార్ ఎందుకు?

మన దగ్గర గాలి కాలుష్యం అనగానే ఢిల్లీ గుర్తొస్తుంది. ట్రాఫిక్, ఫ్లైఓవర్లు, కార్లు. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం బిహార్‌లో ప్రతి 100 మందిలో దాదాపు 89 మంది ఉండేది పల్లెల్లోనే. పల్లె అంటే స్వచ్ఛమైన గాలి అని మన బుర్రలో ఫిక్స్ అయిపోయి ఉంటుంది కదా. మరి ఇంత పల్లెటూరి రాష్ట్రం ప్రపంచ లిస్ట్‌లో పైకి ఎలా వచ్చింది?

ముందు పీఎం 2.5 అంటే ఏంటో ఒక్క లైన్‌లో. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్నగా ఉండే కణాలు. మన తల వెంట్రుక మందంలో దాదాపు 30వ వంతు. ముక్కులో, గొంతులో ఆగవు. ఊపిరితిత్తుల చివరి దాకా వెళ్తాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, పుట్టే పిల్లలు బరువు తక్కువగా ఉండటం, వీటన్నిటితో దీనికి లింక్ ఉంది. అంటే ఇది జస్ట్ ఒక ర్యాంక్ గొడవ కాదు.

ఇక బిహార్ మ్యాప్ చూడండి. పైన హిమాలయాలు గోడలా ఉన్నాయి. గంగ మైదానం పల్లెంలా చదునుగా ఉంది. చలికాలంలో గాలి ఎక్కువగా పడమర నుంచి, వాయవ్యం నుంచి వీస్తుంది. పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ మీదుగా వచ్చే పొగ కూడా ఇటే వస్తుంది. దానికి తోడు చలికాలంలో నేల దగ్గర చల్లగాలి, దాని పైన వెచ్చగాలి. మామూలుగా వేడి గాలి పైకి పోతుంది, దాంతో పాటే పొగా పోతుంది. ఇక్కడ రివర్స్. పైన ఉన్న వెచ్చటి పొర గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. కింద వచ్చిన పొగ కిందే ఉండిపోతుంది.

ఆ గిన్నెలోకి లోకల్‌గా ఏం కలుస్తోంది? కట్టెల పొయ్యి, పిడకలు, చెత్త మంటలు, ఇటుక బట్టీలు, డీజిల్ బండ్లు, గంగ తెచ్చిన మెత్తటి ఒండ్రు దుమ్ము. ఇక్కడ ఒక్క నంబర్ గుర్తుపెట్టుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, గ్యాస్ లాంటి శుభ్రమైన ఇంధనంతో వంట చేసుకునే ఇళ్లు తెలంగాణలో 91.8 శాతం, ఆంధ్రాలో 83.6 శాతం. బిహార్‌లో 37.8 శాతం. అంటే అక్కడ ప్రతి 10 ఇళ్లలో 6 ఇళ్ల పొగ రోజూ బయటికి వస్తోంది. వంటింటి పొగ వంటింట్లోనే ఆగదు కదా. అదే ఊరి గాలి.

ఇప్పుడు రెండు ఊళ్లు పోల్చి చూద్దాం. బేగూసరాయ్ పక్కనే బరౌనీ ఉంది. అక్కడ ఆయిల్ రిఫైనరీ ఉంది, థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది. సో నంబర్ వన్ అంటే "ఓహో, ఫ్యాక్టరీల వల్ల" అనుకుంటాం. మరి శివాన్? అక్కడ అలాంటి పెద్ద ఇండస్ట్రీ ఏదీ లేదు. గల్ఫ్ దేశాలకి కూలి పనులకి వెళ్లేవాళ్లు ఎక్కువగా ఉండే జిల్లా. అదే 2023 లిస్ట్‌లో శివాన్ కూడా 90 దాటిన సగటుతో చాలా పైన ఉంది. ఫ్యాక్టరీ ఉన్న ఊరు, లేని ఊరు, రెండూ అదే లిస్ట్‌లో. అంటే ఆ గాలిలో పెద్ద వాటా ఊరిది మాత్రమే కాదు, మొత్తం మైదానానిది. కింద అందరికీ ఒక కామన్ లెవెల్ ఉంటుంది. దాని మీద ఎవరి లోకల్ పొగ వాళ్లది.

సో "మా ఊళ్లో ఫ్యాక్టరీ లేదు, మా గాలి సేఫ్" అనే లాజిక్ ఇక్కడ పని చేయదు.

సరే, కారణాలు తెలిశాయి. ఇక అసలు మేటర్‌కి వద్దాం. రెండు ఊళ్ల గాలిని కరెక్ట్‌గా పోల్చాలంటే ఏం చూడాలి? ఐదు విషయాలు.

1. ఏ స్కేలు?

ఒక రోజు గాలిలో పీఎం 2.5 సగటు 60 మైక్రోగ్రాములు ఉంది అనుకుందాం. మన ఇండియా స్కేల్‌లో దీని ఏక్యూఐ 100. కేటగిరీ "సంతృప్తికరం", రంగు లేత ఆకుపచ్చ. అదే గాలిని అమెరికా స్కేల్‌లో పెడితే ఏక్యూఐ 154 వస్తుంది. కేటగిరీ "అనారోగ్యకరం", రంగు ఎరుపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజువారీ పరిమితి 15. అంటే ఇది దానికి 4 రెట్లు.

గాలి ఒకటే. ఒక యాప్‌లో పచ్చ, ఇంకో యాప్‌లో ఎరుపు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ల సమీర్ యాప్ ఇండియా స్కేల్ వాడుతుంది. విదేశీ యాప్‌లు చాలావరకు అమెరికా స్కేల్ వాడతాయి. మీ ఫ్రెండ్ ఒక యాప్ స్క్రీన్‌షాట్ పెట్టి, మీరు ఇంకో యాప్ స్క్రీన్‌షాట్ పెట్టి "మా ఊరే బెటర్" అని వాదించుకుంటే, ఒకరు కిలోల్లో, ఇంకొకరు పౌండ్లలో బరువు చెప్పుకున్నట్టే.

అందుకే ఏక్యూఐ వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మైక్రోగ్రాముల నంబర్ చూడండి. దానికి దేశం లేదు. ఎక్కడైనా ఒకటే.

2. ఏ కణం?

ఇండియా ఏక్యూఐ 8 రకాల కాలుష్యాల్ని చూస్తుంది. ఒక్కోదానికి ఒక స్కోర్ వేసి, వాటిలో అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్నే ఊరి ఏక్యూఐ అని చూపిస్తుంది. సో రెండు ఊళ్లకీ 180 వచ్చిందంటే, రెండు ఊళ్లలో ఒకే సమస్య ఉందని కాదు. ఒక ఊళ్లో అది పీఎం 10 వల్ల రావచ్చు, అంటే రోడ్డు దుమ్ము, కట్టడాల దుమ్ము, ఎండాకాలం ధూళి. ఇంకో ఊళ్లో పీఎం 2.5 వల్ల రావచ్చు, అంటే ఎక్కువగా పొగ.

ఒక చిన్న ట్రిక్ చెప్తాను. పీఎం 10 లోపలే పీఎం 2.5 కూడా ఉంటుంది. పీఎం 10 మొత్తం 200 ఉండి, అందులో పీఎం 2.5 ఒక 60 ఉంటే, దుమ్ము ఎక్కువ అని ఒక అంచనాకి రావచ్చు. అదే 200లో 130 పీఎం 2.5 ఉంటే, ఏదో మండుతోంది. మొదటి ఊరికి రోడ్డు మీద నీళ్లు చల్లితే కొంత ఉపయోగం. రెండో ఊరికి నీళ్లు చల్లి లాభం లేదు, పొయ్యి మారాలి, బట్టీ మారాలి.

3. ఏ టైమ్?

సమీర్ బులెటిన్‌లో వచ్చేది 24 గంటల సగటు, రోజూ సాయంత్రం 4 గంటలకి లెక్క కడతారు. చాలా ఫోన్ యాప్‌లు మాత్రం గత గంట, లేదా గత కొన్ని గంటల లెక్క చూపిస్తాయి. పొద్దున 7 గంటలకి గాలి నిలిచిపోయి ఉంటుంది, పొయ్యిలు వెలుగుతుంటాయి, నంబర్ ఎక్కువ. మధ్యాహ్నం ఎండకి గాలి పైకి లేస్తుంది, నంబర్ తగ్గుతుంది. ఒక ఊరి పొద్దున్నీ ఇంకో ఊరి మధ్యాహ్నాన్నీ పోల్చితే ఎలా?

సీజన్ ఇంకా పెద్దది. బిహార్‌లో జులై, ఆగస్టులో వాన గాలిని కడిగేస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అదే ఊళ్లో నంబర్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. జులైలో తీసిన ఫొటో చూపించి "మా జిల్లా గాలి సూపర్" అనడం ఈజీ.

4. ఎన్ని రోజుల డేటా?

లిస్టుల్లో నిశ్శబ్దంగా తప్పుదారి పట్టించేది ఇదే. ఒక లెక్క చేద్దాం, నంబర్లు ఉదాహరణకి మాత్రమే. ఒక ఊళ్లో చలికాలం 4 నెలలు నెలకి సగటు 150, మిగతా 8 నెలలు 40 అనుకోండి. మొత్తం 12 నెలల సగటు దాదాపు 77.

ఇప్పుడు పక్క ఊరు. గాలి అచ్చం ఇలాగే ఉంది. కానీ వానాకాలం 4 నెలలు కరెంట్ సమస్యతో మెషిన్ ఆగిపోయింది. ఉన్న 8 నెలల సగటు తీస్తే 95 వస్తుంది. ఇంకో ఊరు. అక్కడా అదే గాలి. కానీ చలికాలంలో 2 నెలలు మెషిన్ రిపేర్‌లో ఉంది. సగటు 62.

62, 77, 95. మూడు ఊళ్లలో గాలి ఒక్కటే, ర్యాంకులు మాత్రం ఎక్కడికో వెళ్లిపోయాయి. ఈఏపీసెట్‌లో ఒక్కో షిఫ్ట్‌కి ఒక్కో పేపర్ వస్తే నార్మలైజేషన్ చేయమని గొడవ చేస్తాం కదా, ఇక్కడ కూడా అదే న్యాయం ఉండాలి. అందుకే ఏ ర్యాంక్ లిస్ట్ చూసినా మొదటి ప్రశ్న, "ఏడాదిలో ఎన్ని రోజులు కొలిచారు?"

5. మెషిన్ ఎక్కడుంది?

పట్నాలో ఆరు ఆటోమేటిక్ స్టేషన్లు ఉన్నాయి. పట్నా నంబర్ అంటే ఆరు చోట్ల సగటు. బేగూసరాయ్‌లో ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కటి ఏ వీధిలో ఉంటే ఆ వీధి గాలే ఊరి గాలి అయిపోతుంది. పక్కన రోజూ చెత్త తగలబెట్టే చోటు ఉంటే ఊరి పేరు పోతుంది. పార్కులో పెడితే ఊరి పేరు నిలబడుతుంది.

మెషిన్ గాలి పీల్చే గొట్టం నేల నుంచి 3 నుంచి 10 మీటర్ల ఎత్తులో ఉండాలి, పక్కన చెట్లూ గోడలూ అడ్డం ఉండకూడదు అని రూల్స్ ఉన్నాయి. అయినా ఒక్క మెషిన్ ఒక జిల్లా మొత్తం కథ చెప్పలేదు.

నల్ వేరు, జీరో వేరు

నేను కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కాబట్టి ఈ పోలికే నాకు ముందు గుర్తొస్తుంది. డేటాబేస్‌లో నల్ అని ఉంటుంది, జీరో అని ఉంటుంది. జీరో అంటే కొలిచాం, సున్నా వచ్చింది. నల్ అంటే అసలు కొలవలేదు. రెండిటినీ ఒకటే అనుకుంటే కోడ్ మొత్తం తేడా కొడుతుంది. గాలి విషయంలో మనం చేస్తున్నది అదే. లిస్ట్‌లో పేరు లేని ఊరు శుభ్రమైన ఊరు అనుకుంటున్నాం. కానీ చాలా ఊళ్ల దగ్గర ఉన్నది నల్.

కొన్నేళ్ల కిందటి దాకా బిహార్‌లో ఆటోమేటిక్ స్టేషన్లు పట్నా, గయా, ముజఫర్‌పూర్‌కే పరిమితం. తర్వాత బేగూసరాయ్, శివాన్, కటిహార్, పూర్ణియా, సహర్సా లాంటి చిన్న టౌన్లలో పెట్టారు. పెట్టగానే ఏమైంది? ఆ పేర్లు వార్తల్లోకి వచ్చాయి. గాలి ఆ రోజే పాడవలేదు. కనిపించడం ఆ రోజు మొదలైంది. మెషిన్ పెట్టినందుకు ఆ రాష్ట్రానికి వచ్చిన బహుమతి చెడ్డ పేరు. ఇది చూసి ఇంకో రాష్ట్రం "మనం మెషిన్ పెట్టకపోతే పోలా" అనుకుంటే?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో వందకు పైగా నగరాలు ఉన్నాయి. లిస్ట్‌లో ఉంటే యాక్షన్ ప్లాన్ ఉంటుంది, నిధులు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ నుంచి 13 నగరాలు ఉన్నాయి, విశాఖ, విజయవాడ నుంచి శ్రీకాకుళం, కడప దాకా. తెలంగాణ నుంచి 4. బిహార్ నుంచి 3. అవే పట్నా, గయా, ముజఫర్‌పూర్.

అంటే ఆంధ్రా గాలి బిహార్ కంటే నాలుగు రెట్లు చెడ్డదా? కానే కాదు. వరసగా 5 ఏళ్లు ప్రమాణాలు దాటితే లిస్ట్‌లోకి తీసుకోవాలనేది ముఖ్యమైన రూల్. 5 ఏళ్లు దాటింది అని చెప్పాలంటే 5 ఏళ్లు కొలిచి ఉండాలి కదా. ఆ టైమ్‌కి మెషిన్ లేని ఊరు, గాలి ఎంత చెడ్డగా ఉన్నా, ఆ రూల్‌తో లిస్ట్‌లోకి రాలేదు. 2023లో ప్రపంచ నంబర్ వన్ అయిన బేగూసరాయ్ ఆ లిస్ట్‌లో లేదు. పైగా పేరులోనే ఉంది, ఇది నగరాల లిస్ట్. పల్లెలకి అందులో చోటే లేదు.

మరి పల్లెకి దారి ఏంటి?

ఒక పెద్ద స్టేషన్ పెట్టాలంటే సుమారు కోటి రూపాయలు, అంతకు మించి. ప్రతి మండలానికీ పెట్టడం కష్టం. దీనికి ఐఐటీ కాన్పూర్ వాళ్లు ఒక దారి చూపించారు. అమృత్ అనే ప్రాజెక్ట్‌లో, మన దేశంలో తయారైన తక్కువ ధర సెన్సర్లని ఉత్తరప్రదేశ్, బిహార్ పల్లెల్లో పెట్టారు. బిహార్‌లో ఉన్న 534 బ్లాకుల్లోనూ. బ్లాక్ అంటే మన మండలం లాంటిది అనుకోండి. ఒక పల్లెటూరి రాష్ట్రంలో మండలం మండలానికీ గాలిని పోల్చగలగడం చిన్న విషయం కాదు.

ఈ సెన్సర్లకి ఒక బలహీనత ఉంది. ఇవి లేజర్ కాంతి వేసి, కణాల మీద పడి చెదిరిన వెలుగుని బట్టి లెక్క కడతాయి. పొగమంచు ఉన్నప్పుడు కణాలు తేమ పీల్చుకుని ఉబ్బుతాయి, నంబర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే ముందు పెద్ద స్టేషన్ పక్కన కొన్నాళ్లు పెట్టి, రెండిటి తేడా చూసి సరిచేయాలి. మీరు ఆన్‌లైన్‌లో కొన్న ఇంటి మీటర్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. దాని కచ్చితమైన నంబర్ కంటే, పెరుగుతోందా తగ్గుతోందా అన్నది నమ్మండి.

ఇంకో మాట. మీ ఊళ్లో మెషిన్ లేకపోయినా ఫోన్‌లో మీ ఊరి పేరు కొడితే ఒక ఏక్యూఐ వచ్చేస్తుంది. అది ఎక్కడి నుంచి వస్తుంది? శాటిలైట్ ఫొటోలు, వాతావరణ లెక్కలు, దూరంగా ఉన్న స్టేషన్లు కలిపి కంప్యూటర్ వేసిన అంచనా అది. అంచనా పనికిరాదని అనట్లేదు. మైదానం అంతటా పొగ కమ్మిందా లేదా చెప్పడానికి బాగానే పనికొస్తుంది. కానీ మీ ఊరి చివర బట్టీ సంగతి, పక్క వీధిలో రోజూ తగలబడే ప్లాస్టిక్ సంగతి దానికి తెలియదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది

ఫోన్ తీయండి. మీ యాప్‌లో ఏక్యూఐ మీద నొక్కండి. స్టేషన్ పేరు, అది మీకు ఎంత దూరమో చూడండి. 5 కిలోమీటర్లా, 80 కిలోమీటర్లా? స్టేషన్ పేరే లేకపోతే అది అంచనా. తర్వాత స్కేల్ ఇండియాదా అమెరికాదా చూడండి. పీఎం 2.5 మైక్రోగ్రాములు ఎంతో చూడండి. రెండు ఊళ్లు పోల్చాలనుకుంటే ఒకే యాప్‌లో, ఒకే నెలకి, 24 గంటల సగటు తీసుకోండి. ఒక్క రోజు సరిపోదు. నెలలో ఎన్ని రోజులు 60 దాటిందో లెక్కపెట్టండి, అది మన దేశం పెట్టుకున్న రోజువారీ పరిమితి. అసలు ఎన్ని రోజులు డేటా ఉందో పక్కనే రాసుకోండి.

బీటెక్, డిగ్రీ వాళ్లకి ఇది మంచి మినీ ప్రాజెక్ట్ కూడా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో స్టేషన్ డేటా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మీ జిల్లా స్టేషన్, పక్క జిల్లా స్టేషన్ తీసుకుని గ్రాఫ్ గీయండి. గ్రాఫ్‌లో ఖాళీలు కనిపిస్తే పూడ్చేయొద్దు. ఆ ఖాళీలు కూడా ఒక సమాధానమే.

మీ జిల్లాలో స్టేషనే లేకపోతే, గ్రామసభలో ఆ మాట అడగొచ్చు. సమాచార హక్కు కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని, "మా జిల్లాలో గాలిని ఎక్కడ కొలుస్తున్నారు, ఏడాదికి ఎన్ని రోజులు కొలుస్తున్నారు" అని అడగొచ్చు. ఒక పేజీ దరఖాస్తు, 10 రూపాయల ఫీజు.

ఎందుకంటే పొయ్యి ముందు కూర్చున్న అమ్మకి, బట్టీ దగ్గర పని చేసే కూలీకి, పొద్దున్నే మంచులో స్కూలుకి నడిచే పిల్లాడికి ర్యాంక్‌తో పని లేదు. వాళ్లు పీల్చే గాలిని ఎవరైనా ఒకరు కొలిస్తే చాలు, పని మొదలవుతుంది. బిహార్ కొలిచింది, చెడ్డ పేరు తెచ్చుకుంది, ఇప్పుడు మండలాల దాకా కొలుస్తోంది. నాకు మాత్రం, నంబర్ దాచుకున్న ఊరి కంటే చెడ్డ నంబర్ బయటపెట్టిన ఊరే నయం.

మీ దగ్గరి స్టేషన్ మీ ఇంటికి ఎన్ని కిలోమీటర్లో కామెంట్‌లో రాయండి. జిల్లా పేరు కూడా రాయండి. అందరివీ కలిపితే మన రెండు రాష్ట్రాల్లో ఎక్కడెక్కడ నల్ ఉందో మనకే తెలుస్తుంది. మళ్లీ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.